చదువు, టెస్టింగ్ ఉద్యోగం, సొంత ఇష్టాలు: గంజాం, గజపతి, రాయగడ తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ. ఒడిశాలోని ఈ ఊళ్ళలో తెలుగిళ్ళ పిల్లలు చాలామంది బీటెక్కో బీసీఏనో అవగానే హైదరాబాదు, విశాఖ, భువనేశ్వర్ కంపెనీల్లో టెస్టర్లుగా, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టేవాళ్ళుగా, చేరుతున్నారు. కొందరు ఇంటి నుంచే పనిచేస్తున్నారు. ఏడాది తిరిగేసరికి పీజీ చెయ్యాలనిపిస్తుంది. ఇంకో ఏడాదికి "ఒకప్పుడు వీణ వాయించేదాన్ని", "ఒకప్పుడు బొమ్మలు వేసేవాణ్ణి" అనే మాటలు మొదలవుతాయి. నేను బరంపురంలోనే ఉంటూ టెస్టింగ్ చేస్తాను, పీజీ కూడా ఉద్యోగంలో ఉండగానే పూర్తిచేశాను. అందుకని తెలిసినవాళ్ళ పిల్లలు పెళ్ళిళ్ళలోనూ రైల్లోనూ ఆపి అడుగుతుంటారు. ఆ ప్రశ్నలే ఇవి. జవాబులు నా అభిప్రాయాలు. యూనివర్సిటీ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి చేరేముందు ఆ ఏటి ప్రాస్పెక్టస్ చూసుకోండి.

ఉద్యోగం చేస్తూ పీజీ చెయ్యడం కుదిరే పనేనా?

కుదురుతుంది. ఉద్యోగం, చదువు, సరదా మూడూ ప్రతిరోజూ సమానంగా నడవాలంటే మాత్రం కుదరదు.

ఏ పీజీలో చేరితే మంచిది?

ఇంటి దగ్గర సీటు వచ్చింది కదా అని రెగ్యులర్ కోర్సులో చేరిపోకండి. భంజవిహార్‌లో బరంపురం యూనివర్సిటీ 1967 నుంచి ఉంది. గుణుపురంలో, పర్లాకిమిడిలో ప్రైవేటు యూనివర్సిటీలున్నాయి. ఉద్యోగం మానేసి చదువుకునేవాళ్ళకి ఇవన్నీ సౌకర్యమే. ఉద్యోగం దాచిపెట్టి రెగ్యులర్‌గా చదువుదామనుకునేవాళ్ళకి మాత్రం అటెండెన్స్ దగ్గర దెబ్బ పడుతుంది. చాలాచోట్ల 75 శాతం అడుగుతారు. ఒక పక్క క్లాసు, ఇంకో పక్క ఫోన్లో మీటింగ్ పెట్టుకుని కూర్చున్నవాళ్ళని చూశాను, రెండు చోట్లా చెడ్డపేరు తెచ్చుకున్నారు.

దూరవిద్యలో ఎంసీఏ ఒక దారి. ఎంసీఏ 2020-21 నుంచి రెండేళ్ళ కోర్సు అయింది. ఇగ్నోలో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) దాన్ని కనీసం రెండేళ్ళలో, గరిష్ఠంగా నాలుగేళ్ళలో పూర్తి చెయ్యాలి. ఉద్యోగస్తులకి అసలు ఊరట ఆ నాలుగేళ్ళ గడువే. అడ్మిషన్లు జనవరిలోనూ జూలైలోనూ, పరీక్షలు జూన్‌లోనూ డిసెంబరులోనూ ఉంటాయి. థియరీ ఇంట్లో చదువుకోవచ్చు గానీ ల్యాబ్ హాజరు తప్పనిసరి. అందుకే చేరేముందు మీ స్టడీ సెంటర్ ఎక్కడ పడుతుందో చూడండి. ఒడిశాలో ఇగ్నోకి భువనేశ్వర్‌లో, కొరాపుట్‌లో ప్రాంతీయ కేంద్రాలున్నాయి. మీ జిల్లా దేని కిందకి వస్తుందో, ల్యాబ్ ఏ ఊళ్ళో పెడతారో ముందే కనుక్కుంటే సెలవులు దానికి తగ్గట్టు దాచుకోవచ్చు.

బిట్స్ పిలానీ ఉద్యోగస్తుల కోసం నడిపే ఎంటెక్‌కి క్లాసులు ఎక్కువగా శని, ఆదివారాల్లో ఆన్‌లైన్లో జరుగుతాయి. కంపెనీ ఒప్పుకోవాలి, ఆఫీసులో ఒకరు మెంటర్‌గా ఉండాలి. ఫీజు బరువే. కంపెనీ భరిస్తానంటే సంతోషం. కాకపోతే అలా భరించే కంపెనీలు ఇన్నేళ్ళు మానకుండా ఉండాలని బాండు రాయించుకుంటుంటాయి, ఆ కాగితం మొత్తం చదివి సంతకం పెట్టండి.

గేట్ (ఎంటెక్ ప్రవేశానికి రాసే జాతీయ పరీక్ష) రాసి ఫుల్‌టైమ్ ఎంటెక్‌లో చేరితే అర్హతని బట్టి నెలకి 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. ఆ రెండేళ్ళూ ఉద్యోగం ఉండదు. పరిశోధన మీద నిజంగా మనసుంటే ఇదే సరైన దారి. పేరు పక్కన డిగ్రీ ఉంటే చాలనుకుంటే ఇంత త్యాగం అనవసరం. గేట్ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది కాబట్టి పరీక్ష ఈ ఏడాది రాసి, నిర్ణయం వచ్చే ఏడాది తీసుకున్నా ఫర్వాలేదు.

దూరవిద్య డిగ్రీకి విలువ ఉంటుందా?

గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని యూనివర్సిటీల నియంత్రణ సంస్థ యూజీసీ 2022లో స్పష్టం చేసింది. కాబట్టి ముందు ఆ సంస్థకీ, ఆ కోర్సుకీ గుర్తింపు ఉందో లేదో చూడండి. ఇంటర్వ్యూలో మాత్రం డిగ్రీ ఎలా చదివారన్నదాని కంటే చదివినది ఎంత గుర్తుందన్నదే అడుగుతారు.

రోజుకి ఎన్ని గంటలు చదవాలి? టైంటేబుల్ ఎలా వేసుకోవాలి?

అందరూ ముందు అడిగేది ఇదే. నా ఉద్దేశంలో ప్రశ్నే తప్పు. రోజుని ముక్కలు చేసి పొద్దున 5 నుంచి 7 చదువు, రాత్రి 9 నుంచి 10 వీణ అని గోడకి అంటించిన కాగితాలు రిలీజ్ వారం, అంటే సాఫ్ట్‌వేర్‌ని వాడేవాళ్ళకి విడుదల చేసే వారం, వచ్చేదాకా ఉంటాయి. టెస్టర్ పని రోజూ ఒకేలా ఉండదు. ప్రోగ్రాము రాసే డెవలపర్లు బిల్డ్ (టెస్ట్ చెయ్యాల్సిన కొత్త వెర్షన్) ఇచ్చేదాకా ఖాళీ, ఇచ్చాక ఊపిరాడదు. వాళ్ళు మూడు రోజులు ఆలస్యం చేస్తే ఆ మూడు రోజులూ మన టెస్టింగ్ గడువులోంచే పోతాయి, రిలీజ్ తేదీ మాత్రం జరగదు. ఇలాంటి ఉద్యోగానికి గడియారం చూసి వేసిన టైంటేబుల్ పనికిరాదు.

రోజుని వదిలేసి సంవత్సరాన్ని పట్టుకోండి. ఒక పెద్ద క్యాలెండర్ తీసుకుని ముందు పరీక్షల నెలలు గుర్తుపెట్టండి, ఇగ్నో అయితే జూన్, డిసెంబరు. తర్వాత మీ ప్రాజెక్టులో పెద్ద రిలీజులు ఏ నెలల్లో ఉంటాయో లీడ్‌ని అడిగి రాయండి. బ్యాంకింగ్ ప్రాజెక్టయితే మార్చి నెలాఖరు, ఆన్‌లైన్ అమ్మకాలదైతే దసరా, దీపావళి ముందు నెల ఉక్కిరిబిక్కిరిగా ఉంటాయి. ఆ తర్వాత మన ప్రాంతపు లెక్కలు. అక్టోబరు తుఫాన్ల నెల. రెండేళ్ళకోసారి చైత్రంలో బరంపురం ఠాకురాణి యాత్ర వస్తుంది. అమ్మవారు దేశిబెహరా వీధికి పుట్టింటికొచ్చిన ఆ రోజుల్లో ఇంటినిండా చుట్టాలే, చదువుదామన్నా పుస్తకం పెట్టుకునే చోటుండదు. పర్లాకిమిడి వైపువాళ్ళకి సంక్రాంతికి శ్రీకాకుళం జిల్లా బంధువులిళ్ళకి వెళ్ళక తప్పదు.

ఇవన్నీ రాశాక క్యాలెండర్లో మిగిలిన నెలలు చూడండి. సాధారణంగా జూలై, ఆగస్టు, జనవరి రెండో సగం, ఫిబ్రవరి కాస్త తెరిపిగా కనిపిస్తాయి. అసైన్‌మెంట్లు, ల్యాబ్ రికార్డులు, ప్రాజెక్టు సినాప్సిస్ లాంటి బరువు పనులు ఆ నెలల్లో పెట్టుకోవాలి. రిలీజ్ నెలలో చదువు అరగంటకి పడిపోయినా, అసలు లేకపోయినా తప్పేం లేదు. పరీక్షల నెలలో వీణ మీద గుడ్డ కప్పే ఉంచండి. పరీక్షలయ్యాక వచ్చే రెండు మూడు వారాలు మాత్రం దానికే ఇవ్వండి, వాటిలోకి ఇంకే కోర్సునీ దూరనివ్వద్దు.

తుఫాను వస్తే, కరెంటు పోతే ఏం చెయ్యాలి?

బయటివాళ్ళకి ఇది ప్రశ్నలా అనిపించదు. మనకి ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2014లో అదే తేదీన హుద్‌హుద్ విశాఖని కొట్టింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది. మన మేనేజర్లు ఉండే ఊళ్ళలో తుఫానంటే వాన పడి ట్రాఫిక్ ఆగడం. ఇక్కడ వారం పైగా కరెంటు ఉండదు, టవర్లు పనిచెయ్యవు. అది వాళ్ళకి సెప్టెంబరులోనే చెప్పి ఉంచాలి.

తుఫాను కబురు రెండు మూడు రోజుల ముందే తెలుస్తుంది. హెచ్చరిక రాగానే రాసిన టెస్ట్ కేసులన్నీ సర్వర్లో పెట్టేయండి, సగంలో ఉన్న బగ్ (ప్రోగ్రాములో దొరికిన తప్పు) రిపోర్టులు పూర్తిచేసి పంపండి, మీ పని ఇంకొకరు అందుకునేలా నాలుగు ముక్కల మెయిల్ రాయండి. చదవాల్సిన పాఠాల పీడీఎఫ్‌లు ఫోన్లోకి దింపుకోండి, రెండు యూనిట్లు కాగితం మీద ప్రింటు తీయించుకోండి. అసైన్‌మెంట్ గడువు అక్టోబరులో ఉంటే సెప్టెంబరు నెలాఖరుకే ఇచ్చేయండి. ఇన్వర్టర్ ఉంటే రౌటర్‌కీ ల్యాప్‌టాప్‌కీ సరిపోతుంది, ఫ్యాను కూడా దాని మీదే తిప్పితే తెల్లారేసరికి రెండూ ఉండవు. ఫైబర్ ఒక కంపెనీది, ఫోన్ సిమ్ ఇంకో కంపెనీది ఉంచుకోవడం మంచిది.

టెస్టింగ్ తేలిక పని కదా, చదువుకోవడానికి బోలెడు టైము దొరుకుతుందంటారు. నిజమేనా?

అలా అనేవాళ్ళని ఒక్క రిగ్రెషన్ సైకిల్‌కి, అంటే కొత్త మార్పు వచ్చాక పాత టెస్టులన్నీ మళ్ళీ చేసే విడతకి, కూర్చోబెట్టాలి.

టైము దొరకదు గానీ, టెస్టింగ్ నేర్పే ఒక బుద్ధి చదువుకి బాగా పనికొస్తుంది. అన్నీ టెస్ట్ చెయ్యడం అసాధ్యమన్నది మన పనిలో మొదటి పాఠాల్లో ఒకటి. ఒక ఫారంలో పది గడులుండి, ఒక్కోదానిలో పది రకాల విలువలు వెయ్యొచ్చనుకోండి. అన్ని కలయికలూ చూడాలంటే వెయ్యి కోట్ల టెస్టులు. సెకనుకి ఒకటి చేసినా 300 ఏళ్ళ పైమాట. అందుకని ఏది పగిలితే ఎక్కువ నష్టమో అక్కడ ముందు చూస్తాం. వయసు 18 నుంచి 60 మధ్య ఉండాలంటే 17, 18, 60, 61 వేసి చూస్తాం, మధ్యలోంచి ఒక్కటి చాలు. సిలబస్‌నీ అలాగే చూడండి. పాత ప్రశ్నపత్రాలు తీసి ఏ యూనిట్ నుంచి ఏటా ప్రశ్నలొస్తున్నాయో గుర్తుపెట్టుకోండి. బగ్గులు కొన్ని మాడ్యూళ్ళలోనే గుంపుగా ఉన్నట్టు, ప్రశ్నలూ కొన్ని యూనిట్ల చుట్టూనే తిరుగుతాయి. మీకు రాని యూనిట్, తరచుగా వచ్చే యూనిట్ ఒకటే అయితే ఆదివారాలన్నీ దానికే ఇవ్వండి. ఎప్పుడూ రానిదీ మీకు రానిదీ అయిన యూనిట్‌ని ధైర్యంగా వదిలేయండి. ఉద్యోగం లేని క్లాస్‌మేట్ అన్నీ చదువుతాడు, అతనితో పోల్చుకుంటే టెన్షన్ తప్ప మిగిలేదేం లేదు.

మాన్యువల్ టెస్టింగ్‌లోనే ఉండిపోతానని భయంగా ఉంది. ముందు ఆటోమేషనా, సర్టిఫికెట్టా, పీజీయా?

ముందు ఆటోమేషన్, అంటే చేత్తో చేసే టెస్టుల్ని ప్రోగ్రాముతో నడిపించడం. దానికి వాడే టూల్స్‌లో సెలీనియమో ప్లేరైటో ఏదో ఒకటి పట్టుకుని, జావాలోనో పైథాన్‌లోనో పది టెస్టులు సొంతంగా రాయగలిగే దాకా రండి. అది మీ ప్రస్తుత ఉద్యోగాన్నే కాపాడుతుంది, జీతాన్నీ పెంచుతుంది.

టెస్టర్లకి అంతర్జాతీయ సర్టిఫికెట్ ఇచ్చే ఐఎస్‌టీక్యూబీ ఫౌండేషన్ పరీక్ష అంత భయపడాల్సిందేం కాదు. 40 ప్రశ్నలు, 60 నిమిషాలు, 26 సరిగ్గా రాస్తే పాస్. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళకి మరో 15 నిమిషాలిస్తారు, రిజిస్ట్రేషన్ అప్పుడే అది అడిగి పెట్టించుకోండి, చాలామంది వదులుకుంటున్నారు. 2023లో సిలబస్ నాలుగో వెర్షన్‌కి మారింది కాబట్టి సీనియర్లిచ్చిన పాత నోట్సు నమ్ముకోవద్దు.

పీజీలో చేరేముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మీద, అల్గారిథమ్స్ మీద 12 వారాల కోర్సులు వస్తుంటాయి. చేరడం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే 1,000 రూపాయలు కట్టి పరీక్ష రాయాలి. మార్కుల్లో 25 శాతం వారవారం ఇచ్చే అసైన్‌మెంట్లకి, 75 శాతం పరీక్షకి. ఉద్యోగంతో పాటు ఆ 12 వారాల అసైన్‌మెంట్లు గడువులోపల ఇవ్వగలిగితే పీజీ ఫీజు కట్టండి. నాలుగో వారానికే మానేస్తే పోయేది వెయ్యి రూపాయలే, కట్టకపోతే అదీ లేదు.

తెలుగు, ఒడియా రెండూ వచ్చు. టెస్టింగ్‌లో దీనికి విలువ ఉందా?

ఉంది. మనవాళ్ళే దాన్ని రెజ్యూమెలో ఆఖరి వరసలో, 'తెలిసిన భాషలు' అనే చోట పడేస్తారు.

2018 ఫిబ్రవరిలో ఏం జరిగిందో గుర్తుందా? 'జ్ఞా' అనే అక్షరం ఒక ప్రత్యేకమైన కోడ్ వరసలో మెసేజ్‌గా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.5లో ఉన్న ఆ బగ్‌ని ఆ నెలలోనే 11.2.6తో సరిచేశారు. అంత పెద్ద కంపెనీలో అన్ని టెస్టులు దాటుకుని వచ్చిన బగ్ అది. మనలాంటివాళ్ళు ఆ ఫోన్ మీద ఊరికే ఇంటివాళ్ళ పేర్లు టైపు చేసుకుంటూ పోయినా ఇలాంటివి బయటపడే అవకాశం ఉంది.

మీ యాప్ మీద కొన్ని చేసి చూడండి. పేరు గడిలో 'కృష్ణ' అని కొట్టండి. మన కంటికి రెండక్షరాలు. యూనికోడ్ (కంప్యూటర్లో ఒక్కో అక్షరానికి, గుర్తుకి ఒక్కో నంబరిచ్చే పద్ధతి) లెక్కలో ఐదు: క, ఋత్వం, ష, హలంతం, ణ. ఆ నంబర్లని యూటీఎఫ్-8 అనే పద్ధతిలో నిలవచేస్తే 15 బైట్లు. గడిలో 20 అక్షరాలు పడతాయని డెవలపర్ రాసుకుంటే అవి ఏ లెక్క ప్రకారం 20 అన్నది అడగండి. జవాబు చెప్పడానికి తడుముకుంటే అక్కడ బగ్ ఉన్నట్టే. బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే మొత్తం 'ష్ణ' పోతోందా, సగమే పోయి హలంతం వేలాడుతోందా చూడండి. మొబైల్ మెసేజ్ ఇంగ్లీషులో 160 అక్షరాలు పడుతుంది, తెలుగైనా ఒడియా అయినా 70కి పడిపోతుంది. ఓటీపీ మెసేజ్‌ని ప్రాంతీయ భాషలో పంపితే, 70 దాటగానే అది రెండు మెసేజ్‌లుగా విడిపోయి ఖర్చు రెట్టింపవుతుంది. ఒడియాలో వత్తుల పొందిక వేరు, వరసక్రమం వేరు. ఒక భాషలో బాగా కనిపించిన బటన్ రెండో భాషలో రెండు వరసలకి పోతుంది. ఈ బగ్గులు రాసేటప్పుడు స్క్రీన్‌షాట్‌తో పాటు కోడ్ వరస కూడా పెట్టండి, లేకపోతే తెలుగు చదవడం రాని డెవలపర్ "నా దగ్గర బాగానే ఉంది" అని మూసేస్తాడు.

పీజీ ప్రాజెక్టుకి కూడా ఇది మంచి విషయం. భారతీయ భాషల ఇన్‌పుట్‌కి టెస్ట్ డేటా తయారుచేసే టూల్ ఒకటి రాసినా చాలు. ఉద్యోగం, చదువు ఒకే పనితో ముందుకు జరుగుతాయి.

ఆఫీసులో దొరికిన బగ్గుల డేటానే పీజీ ప్రాజెక్టుకి వాడుకోవచ్చా?

రాతపూర్వకంగా అనుమతి ఉంటే తప్ప వద్దు. పేర్లు తీసేశాం కదా అనుకోవద్దు, జాయిన్ అయినప్పుడు పెట్టిన సంతకం అన్నిటికీ వర్తిస్తుంది.

బయట కావలసినంత డేటా ఉంది. మొజిల్లా బగ్జిల్లా, అపాచీ ప్రాజెక్టుల జిరా అనే బగ్గుల జాబితాలు బహిరంగంగా చూడొచ్చు. జావా బగ్గుల మీద పనిచేసేవాళ్ళకి డిఫెక్ట్స్‌ఫోర్‌జే అనే బగ్గుల సేకరణ ఉంది, దాని రెండో వెర్షన్‌లో 17 ప్రాజెక్టుల నుంచి 835 బగ్గులున్నాయి. ఏ టెస్టులు ముందు నడపాలి అన్న విషయమో, ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యే టెస్టుల విషయమో తీసుకోండి. తమ టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఆ రోగం కొంతైనా ఉందని గూగుల్ ఇంజనీర్లే 2016లో రాశారు. ఆఫీసులో రోజూ పడే బాధే కాబట్టి గైడ్‌కి వివరించడమూ తేలిక.

చదువుతున్నట్టు మేనేజర్‌కి చెప్పాలా?

చెప్పాలి. ఎప్పుడు, ఎలా చెప్తారన్నదే ముఖ్యం. "సార్, పీజీ చేస్తున్నాను, కాస్త చూడండి" అంటే ఆయనకి వినిపించేది 'ఇతను పని తగ్గించమంటున్నాడు' అనే. తేదీలతో చెప్పండి: "సార్, డిసెంబరులో నాకు నాలుగు పరీక్షలున్నాయి. ఆ రోజులకి లీవ్ ఇప్పుడే పెడుతున్నాను. నవంబరు రిలీజ్‌కి రిగ్రెషన్ మొత్తం నేనే చూస్తాను. పరీక్షల వారంలో పేమెంట్స్ మాడ్యూల్ ఎవరు చూడాలో మీరు చెప్తే వాళ్ళకి ముందే నేర్పిస్తాను." ఇలా అడిగితే కాదనే మేనేజర్లు తక్కువ. అయినా ఉన్నారు. పరీక్ష ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి లీవ్ రద్దు చేసిన ఒకాయన కింద నేనూ పనిచేశాను. అలాంటివాళ్ళ కోసమే లీవ్ మెయిల్లో అడిగి, ఆమోదం కూడా మెయిల్లోనే తీసుకోండి.

నైట్ షిఫ్ట్‌లో ఉన్నాను. ఎప్పుడు చదవాలి?

మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 11 షిఫ్ట్ చదువుకి అన్నిటికన్నా మంచిది. పొద్దున మెదడు తాజాగా ఉన్నప్పుడు మీ టైము మీ చేతిలో ఉంటుంది. రాత్రంతా పనిచేసే షిఫ్టయితే తెల్లారి ఇంటికొచ్చి పుస్తకం తెరవకండి. నిద్రపోండి. వారాంతాల్లో చదవండి. ఆ షిఫ్ట్‌లోనే రెండేళ్ళు ఉండేట్టయితే పీజీ వాయిదా వెయ్యడమే మేలు.

ఇంటి నుంచే పని. ఇంట్లోవాళ్ళు నేను ఖాళీగా ఉన్నాననుకుంటున్నారు.

మగపిల్లాడైతే గ్యాస్ బండ తెమ్మనేదాకా, ఆడపిల్లైతే పూర్తిగా వంటింటి దాకా వెళ్తుంది ఈ కథ. అమ్మమ్మకి, పెద్దమ్మకి "టెస్టింగ్" అంటే ఏం తెలుస్తుంది? కంప్యూటర్ ముందు కూర్చుని నొక్కినదే మళ్ళీ నొక్కుతుంటే ఆట అనుకుంటారు. ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. వాళ్ళ ఫోన్లో వాడే బ్యాంకు యాప్ లాంటిది తీసి, ఖాతాలో ఉన్నదానికన్నా ఎక్కువ డబ్బు పంపమంటే ఏమవుతుందో చూడటమే నా పని అని చెప్పండి. మా ఇంట్లో ఆ తర్వాత నుంచి అమ్మే పక్కింటివాళ్ళని "అబ్బాయి డ్యూటీలో ఉన్నాడు" అని గుమ్మంలోనే ఆపేస్తోంది.

పెళ్ళయిన ఆడపిల్లల విషయం వేరు, దాన్ని గోడమీది క్యాలెండర్ ఒక్కటీ పరిష్కరించదు. ఉద్యోగం, చదువు, ఇల్లు మూడూ ఆవిడ మీదే పెట్టి "మా కోడలు అన్నీ చేసుకొస్తుంది" అని మెచ్చుకోవడం మన ఇళ్ళలో ఉన్నదే. పరీక్షల నెలలో వంట, పిల్లల బడి ఎవరు చూస్తారన్నది ఫీజు కట్టేముందే భర్తతో మాట్లాడుకోవాలి. ఆ మాట దాటేసే ఇంట్లో చదువు డిసెంబరు దాకా రాదు.

పనీ చదువూ ఉండగా ఇంకా సరదాలెందుకు? రెండేళ్ళు ఆగలేమా?

రెండేళ్ళు ఆగినవి చాలామందికి తిరిగి మొదలవ్వవు. మన దగ్గరి మనిషినే చూడండి. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో బడి పంతులుగా చేరి, ఉద్యోగంలో ఉండగానే ప్రైవేటుగా చదివి బి.ఎ. అయ్యారు. ఆ చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకున్నది కూడా ఉద్యోగానికి అవసరమై కాదు. చివరికి ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు.

అయితే ఏ సరదా ఉంచుకోవాలన్నదాంట్లో తెలివి ఉండాలి. రోజూ గంట సాధన అడిగే సంగీతం, పోటీలకి వెళ్ళే బ్యాడ్మింటన్ సెమిస్టర్ మధ్యలో కొత్తగా మొదలుపెట్టకండి. కాలాన్ని బట్టి వచ్చే సరదాలు మనలాంటివాళ్ళకి నప్పుతాయి. ఋషికుల్యా నది సముద్రంలో కలిసేచోట, పొదంపేట, గోఖరకుద వైపు, సాధారణంగా ఫిబ్రవరి, మార్చిల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. నెలన్నర, రెండు నెలలకి పిల్లలు బయటికొస్తాయి. కొన్నేళ్ళు గుంపుగా రానే రావు. అటవీశాఖవాళ్ళతో, ఊరి కుర్రాళ్ళతో కలిసి పిల్లలు దారితప్పకుండా చూడటానికి వెళ్ళొచ్చు. చిన్న వెలుగు కనబడినా అవి సముద్రం వదిలి అటు నడుస్తాయి, అందుకని టార్చీలు, ఫోన్లు బయటికి తీయనివ్వరు. ఆఫీసు నుంచి ఫోనొచ్చినా ఎత్తలేని చోటు ఇంకెక్కడ దొరుకుతుంది? కొండలిష్టమైతే గజపతి జిల్లాలో 1,500 మీటర్ల మహేంద్రగిరి ఉంది, వానలు తగ్గాక ఒక శని, ఆదివారం చాలు. ఇంట్లోనే కూర్చుని చేసేదైతే తెలుగు వికీపీడియాలో మన ఊళ్ళ వ్యాసాలు సరిదిద్దొచ్చు. తప్పులు పట్టడం మనకి అలవాటే కదా.

సరదాని డబ్బుగా మార్చుకుందామా అని కూడా అడుగుతారు. పీజీ అయ్యేదాకా వద్దు. మార్చిన మరునాటి నుంచి దానికీ గడువులుంటాయి. పైగా బయటి సంపాదనకి మీ కంపెనీ ఒప్పందం ఒప్పుకుంటుందో లేదో చూడాలి.

సర్టిఫికెట్లలో పేరు ఒక్కోచోట ఒక్కోలా ఉంది. ఇబ్బందా?

ఇబ్బందే, మన ప్రాంతంలో మరీ ఎక్కువ. ఇంటిపేరు పదో తరగతిలో ముందు పొడి అక్షరంగా, ఆధార్‌లో పేరు చివర పూర్తిగా ఉంటుంది. కృష్ణారావు ఒడియా ఉచ్చారణ ప్రకారం ఒకచోట క్రుష్ణారావు అయిపోతాడు. యూనివర్సిటీ ఎలాగో చేర్చుకుంటుంది గానీ, ఉద్యోగం మారినప్పుడు వెరిఫికేషన్‌లో ఆపేస్తారు. సాధారణంగా పదో తరగతి సర్టిఫికెట్‌నే ఆధారంగా తీసుకుంటారు కాబట్టి ఆధార్, పాన్, పీజీ అప్లికేషన్ మూడూ దాని ప్రకారం మార్పించుకోండి. పదో తరగతిదే తప్పయితే కటక్‌లోని బోర్డు చుట్టూ తిరగాలి, అది పీజీలో చేరేముందే మొదలుపెట్టండి.

సెమిస్టర్ మధ్యలో మానేద్దామనిపిస్తోంది. ఏం చెయ్యను?

రిలీజ్ వారంలో అలా అనిపిస్తే పట్టించుకోవద్దు, నిద్రపోయి లేవండి. రిలీజ్ అయిపోయి రెండు వారాలైనా అలాగే ఉంటే పేపర్లు తగ్గించుకోండి. దూరవిద్యలో పరీక్ష ఫీజు పేపర్ల వారీగా కడతారు. నాలుగు రాయాల్సినచోట రెండే రాయండి, మిగతావి జూన్‌కి పెట్టుకోండి, నాలుగేళ్ళ గడువు ఉన్నది అందుకే. అసైన్‌మెంట్లు మాత్రం నాలుగూ ఇచ్చేయండి, లేకపోతే వచ్చే ఏడాది కొత్త ప్రశ్నలతో మళ్ళీ మొదటి నుంచి రాయాలి. తర్వాతి సెమిస్టర్ రీ-రిజిస్ట్రేషన్ తేదీ దాటనివ్వకండి. పరీక్షలు రాయకపోయినా అది చేసుకోవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు, తెలిసేసరికి ఆరు నెలలు పోతాయి.